మందు కొట్టే డ్రోన్ లాగ్ ఎందులో చదవాలి? యూఏవీ లాగ్ వ్యూయర్, మిషన్ ప్లానర్‌ల మీద సమీక్ష

ఆర్డుపైలట్ (డ్రోన్‌ను నడిపించే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద నడిచే స్ప్రే డ్రోన్ ఉన్నవాళ్లు లాగ్, అంటే ఎగిరినప్పటి రికార్డు, చదవడానికి ఒక్క సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలనుకుంటే యూఏవీ లాగ్ వ్యూయర్ నేర్చుకోండి. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేదేమీ లేదు. ఫైలు తెరుచుకోలేదని వచ్చే ఫిర్యాదుల్లో మాత్రం తప్పు సాధారణంగా సాఫ్ట్‌వేర్‌ది అవదు. మెమరీ కార్డు పోయి ఉంటుంది, లేదా డ్రోన్‌ను ఎగిరించే కంట్రోలర్ బోర్డు సెట్టింగు తేడాగా ఉంటుంది, లేదా ఒక ఫైలు బదులు ఇంకో ఫైలు పట్టుకొచ్చి ఉంటారు. అందుకే ఈ సమీక్షలో సాఫ్ట్‌వేర్ బాగోగులతో పాటు దాంట్లోకి వెళ్లే ఫైలు సంగతీ చెబుతున్నాం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మధ్య ఉన్న చేలల్లోనూ, కోనసీమలో కొబ్బరి గట్ల మధ్య మడుల్లోనూ తిరిగే పది లీటర్ల హెక్సా (ఆరు మోటార్ల) డ్రోన్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

ముందుగా మీ డ్రోన్‌లో ఏ కంట్రోలర్ ఉందో చూసుకోండి. క్యూబ్, పిక్స్‌హాక్ తరహా బోర్డు, అందులో ఆర్డుపైలట్ ఉంటే ఇక్కడ చెప్పేదంతా వర్తిస్తుంది. సొంత కంట్రోలర్, సొంత యాప్ ఇచ్చే కంపెనీల డ్రోన్లయితే లాగ్ కూడా వాళ్ల యాప్‌లోనే చూడాలి, వాళ్లు చూపించినంతే చూడాలి. కొత్తగా కొనేవాళ్లు ట్యాంకు ఎన్ని లీటర్లు, బ్యాటరీ ఎన్ని ఎకరాలు వస్తుంది అని అడగడంతో ఆగకుండా లాగ్ ఫైలు మా చేతికి వస్తుందా రాదా అని కూడా డీలర్ని అడగాలి. డ్రోన్ పడిపోయిన రోజున దాని విలువ తెలుస్తుంది.

ఏ ఫైలు తేవాలి

ఆర్డుపైలట్ డ్రోన్ ఒక్కసారి ఎగిరితే రెండు చోట్ల రెండు రకాల లాగ్‌లు తయారవుతాయి. డ్రోన్ లోపల, కంట్రోలర్‌లోని మైక్రో ఎస్‌డీ కార్డు మీద పడేది బిన్ ఫైలు. రేడియో లింకు మీదుగా ల్యాప్‌టాప్‌కి వచ్చిన సమాచారాన్ని మిషన్ ప్లానర్ (నేల మీద నుంచి డ్రోన్‌ను చూసుకునే విండోస్ ప్రోగ్రాం) దాచుకునేది టీలాగ్ ఫైలు. టీలాగ్‌లో సెకనుకు కొన్నిసార్లే లెక్కలు పడతాయి. కొబ్బరి వరుస అడ్డొచ్చి సిగ్నల్ తెగితే ఆ ముక్క మొత్తం ఉండదు. బిన్‌లో డ్రోన్ వాలు మామూలు సెట్టింగులో సెకనుకు పదిసార్లు నమోదవుతుంది, కావాలంటే 400 సార్లు. రేడియో తెగినా దానికి సంబంధం లేదు. కూలిన డ్రోన్ గురించి తెలుసుకోవాలంటే బిన్ ఫైలే తేవాలి. ల్యాప్‌టాప్‌లో ఉంది కదా అని టీలాగ్ తెరిచి మోటారు సంగతి తేల్చబోతే సగం కథే తెలుస్తుంది.

కార్డు తీసి రీడర్‌లో పెడితే ఏపీఎం అనే ఫోల్డర్, దాని లోపల లాగ్స్ ఫోల్డర్, అందులో 00000001 నుంచి వరుస నంబర్లతో ఫైళ్లు కనిపిస్తాయి. పక్కన ఉన్న లాస్ట్‌లాగ్ అనే టెక్స్ట్ ఫైల్లో చివరి నంబరు ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి వెతుక్కోవచ్చు. తేదీని నమ్ముకుని వెతకొద్దు. చాలా ఫైళ్లకు 1980 జనవరి 1 అని పడుతుంది. కంట్రోలర్‌కి గడియారం లేదు, జీపీఎస్ సమయం అందేలోపే ఫైలు మొదలైతే కార్డు మీద ఆ తేదీయే వేస్తుంది. దాన్ని చూసి ఫైలు చెడిందనుకుని చెరిపేసేవాళ్లున్నారు. చెరపకండి, లోపల సరైన సమయం ఉంటుంది.

కార్డు తీయడానికి డ్రోన్ పైమూత విప్పాల్సి వస్తుందని మిషన్ ప్లానర్‌లో మావ్‌లింక్ (డ్రోన్, ల్యాప్‌టాప్ మాట్లాడుకునే పద్ధతి) మీదుగా దించుకుంటుంటారు. యూఎస్‌బీ తీగ పెట్టి చేస్తే ఫరవాలేదు. సెకనుకు 57,600 బిట్ల వేగం ఉన్న టెలిమెట్రీ రేడియో మీదుగా అయితే మాత్రం పెట్టుకోవద్దు. ఆ లింకు అన్నీ కలిసొచ్చినా సెకనుకు ఆరు కిలోబైట్లకు దాటదు. 50 మెగాబైట్ల ఫైలు దిగడానికి రెండున్నర గంటలు పడుతుంది, మధ్యలో తెగిందంటే మళ్లీ మొదటికొస్తుంది. డ్రోన్ ఆర్మ్ అయి (మోటార్లు తిరగడానికి తాళం తీసి) ఉండగా డౌన్‌లోడ్ అసలు జరగదు. డిస్ఆర్మ్ చేశాకే మొదలుపెట్టాలి.

ఫైలు ఖాళీగా ఉందంటే కారణాలు ఎక్కువేమీ లేవు. కార్డు ఫార్మాట్ కంట్రోలర్‌కి సరిపడకపోవడం, కార్డు పాతబడిపోవడం, ఉప్పుగాలికీ తేమకీ స్లాట్ పిన్నులు నల్లబడటం. మూడోది నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున తిరిగే డ్రోన్లకు ముఖ్యం, ప్రతి సీజను ముందూ కార్డు తీసి చూడాలి. కార్డు పని చేయకపోతే ఆర్డుపైలట్ ఊరుకోదు. ఆర్మ్ అవ్వకుండా ఆపి, లాగింగ్ ఫెయిల్డ్ అని ప్రీఆర్మ్ (ఆర్మ్‌కి ముందు పరీక్ష) సందేశం ఇస్తుంది. అప్పుడు చేయాల్సింది కార్డు మార్చడం. రైతు గట్టు మీద ఎదురుచూస్తున్నాడని ఆర్మింగ్ చెక్‌లో ఆ పరీక్షను తీసేసి ఎగరేస్తే ఆ రోజు నుంచి లాగ్ అనేదే ఉండదు, ఆ విషయం ప్రమాదం జరిగేదాకా ఎవరికీ తెలియదు కూడా. దిగిన వెంటనే బ్యాటరీ లాగేసే అలవాటుంటే చివరి సెకన్లు పోతాయి. డిస్ఆర్మ్ అయ్యాక కూడా కంట్రోలర్ కొద్ది సెకన్లు రాస్తూనే ఉంటుంది. ఇరవై దాకా లెక్కపెట్టి బ్యాటరీ తీయండి.

తెరిచాక ఎలా ఉంటుంది

ప్లాట్ డాట్ ఆర్డుపైలట్ డాట్ ఆర్గ్ అని కొట్టి, వచ్చిన పేజీ మీదికి బిన్ ఫైలును లాగి వదలడమే. ఫైలు చదివే పని మన కంప్యూటర్‌లో బ్రౌజరే చేస్తుంది. నిమిషంలోపు కుడిపక్క మ్యాప్ మీద డ్రోన్ తిరిగిన దారి మూడు కొలతల్లో వస్తుంది. ఏ మోడ్‌లో ఎగిరితే ఆ ముక్కకు ఒక రంగు. దీనికి మేం ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే: గ్రాఫ్ మీద మౌస్ ఎక్కడ పెడితే మ్యాప్ మీద డ్రోన్ బొమ్మ ఆ క్షణంలో ఉన్న చోటికి, ఆ వాలుతో సహా వచ్చి నిలబడుతుంది. కరెంటు ఎక్కడ ఎగబాకిందో, ఆ చోటు ట్రాన్స్‌ఫార్మర్ పక్కనా లేక చేను మధ్యనా అన్నది లెక్కలు వేయకుండా కళ్లతో చూడొచ్చు. మిషన్ ప్లానర్‌లోనూ మ్యాప్ ఉంది గానీ అది బల్లపరుపు మ్యాప్, ఎత్తు తెలియదు.

ఎడమపక్క ప్రీసెట్స్ కింద ముందే కట్టి పెట్టిన గ్రాఫ్‌లు ఉంటాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెట్టాలి. ఒక్కో ఫీల్డును విడిగా ఎంచుకునే జాబితా దాని కిందే ఉంది. పారామీటర్లు (కంట్రోలర్ సెట్టింగులు), సందేశాలు, రిమోట్ స్టిక్కుల కదలిక చూపే చిన్న కిటికీలు కూడా తెరవొచ్చు. స్టిక్కుల కిటికీ పైలట్‌కీ డ్రోన్‌కీ మధ్య తగువు తీరుస్తుంది. డ్రోన్ తనంతట తాను పక్కకు పోయిందా, చేతితో తోసిందా అన్నది అందులో తెలిసిపోతుంది.

ఇక లోపాలు. ఇంటర్నెట్ లేని చోట ఇది పనికిరాదు. పేజీ తెరవడానికీ, మ్యాప్ బొమ్మలు దిగడానికీ నెట్ కావాలి. లంక గ్రామాల్లో సిగ్నల్ ఒకటీ అరా గీతలున్నప్పుడు మ్యాప్ నల్లగా ఉండి గ్రాఫ్ మాత్రమే వస్తుంది. అది చూసి ఫైలు పాడైందనుకోవద్దు. మ్యాప్ బొమ్మ ఉండి దారి లేకపోతేనే ఫైల్లో జీపీఎస్ లేదని అర్థం. కొట్టంలోనో ఇంటి వసారాలోనో మోటార్లు పరీక్షించిన లాగ్ అయితే అలాగే ఉంటుంది.

రెండో లోపం పెద్ద ఫైళ్లు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో వందల మెగాబైట్ల ఫైలు వదిలితే బ్రౌజర్ బిగుసుకుపోతుంది. తప్పు అసలు ఫైలు అంత పెరగడంలో ఉంది. లాగ్ డిస్ఆర్మ్‌డ్ అనే పారామీటర్‌ను ఎవరో 1 చేసి వదిలేసి ఉంటారు. అప్పుడు బ్యాటరీ తగిలించినప్పటి నుంచీ, మందు కలుపుతున్నంత సేపూ, భోజనం చేస్తున్నంత సేపూ లాగ్ పడుతూనే ఉంటుంది. దాన్ని 0 చేయండి. ఏవేవి నమోదవ్వాలో ఎంచుకునే లాగ్ బిట్‌మాస్క్‌లో ఐఎంయూ (కదలిక సెన్సార్) ముడి లెక్కల టిక్కు ఉంటే తీసేయండి, ఫిల్టర్లు సరిచేసే రోజున తప్ప అది అక్కర్లేదు. కాప్టర్‌కి ఆ పారామీటర్ మామూలు విలువ 176126. లాగ్ ఫైల్ డీఎస్ఆర్ఎమ్ఆర్ఓటీ అనేదాన్ని 1 చేస్తే డిస్ఆర్మ్ అయిన ప్రతిసారీ ఫైలు మూసి కొత్తది తెరుస్తుంది. ట్యాంకుకొక ఫైలు వస్తుంది, ఏ చేనుకి ఏ ఫైలో వెతుక్కోవడం తేలిక, బ్రౌజర్‌కీ భారం ఉండదు.

ఫైలు తెరుచుకున్నా గ్రాఫ్ మధ్యలో ఖాళీలు కనిపిస్తే డీఎస్ఎఫ్ అనే సందేశంలో డీపీ అనే గీత చూడండి (లాగ్‌లో ఒక్కో రకం నమోదును సందేశం అంటారు). కార్డు వేగం చాలక కంట్రోలర్ రాయలేక వదిలేసిన సందర్భాల లెక్క అది. ఆ గీత మెట్లు మెట్లుగా పెరుగుతుంటే మంచి కార్డు వేయాలి.

చేనులో ఆకు ముడత మిగిలిపోయిన చారలు

స్ప్రే డ్రోన్ లాగ్ అనగానే అందరూ కూలడం గురించే అడుగుతారు. ఇక్కడి ఆపరేటర్‌కి లాగ్ ఎక్కువగా పనికొచ్చేది వేరే చోట. మందు కొట్టిన వారానికి రైతు వచ్చి, చారలు చారలుగా పురుగు మిగిలింది, ఈ మూల అసలు మందే పడలేదు అంటాడు. ఆ మాట నిజమో కాదో, నిజమైతే ఎందుకైందో లాగ్ చాలావరకు చెబుతుంది. ఈ పనికి యూఏవీ లాగ్ వ్యూయర్‌కి సాటి లేదు.

ముందు పారామీటర్లలో పంపు ఏ అవుట్‌పుట్‌కి తగిలించారో వెతకండి. సర్వో ఫంక్షన్ 22 అని ఎక్కడ ఉంటే అది పంపు, 23 అయితే తిరిగే నాజిల్. 22 అనేది తొమ్మిదో అవుట్‌పుట్‌కి ఉందనుకుందాం. ఆర్‌సీఓయూ (కంట్రోలర్ ఒక్కో అవుట్‌పుట్‌కి ఇచ్చిన ఆజ్ఞ) సందేశంలో సీ9 ఎంచుకోండి. దాని మీదే జీపీఎస్ సందేశంలోని ఎస్‌పీడీ, అంటే నేల మీది వేగం, వేయండి. రెండు గీతలూ కలిసి లేవాలి, కలిసి దిగాలి. ఆర్డుపైలట్‌లో పంపు వేగం డ్రోన్ వేగాన్ని బట్టి మారుతుంది. స్ప్రే పంప్ రేట్ అనే పారామీటర్, డ్రోన్ సెకనుకు ఒక మీటరు పోతున్నప్పుడు పంపు ఎంత శాతం తిరగాలో చెబుతుంది. అది 10 అయితే సెకనుకు 5 మీటర్ల వేగంలో పంపు 50 శాతం మీద ఉంటుంది.

ఇప్పుడు గట్టు దగ్గర తిరిగే చోట చూడండి. మలుపులో వేగం తగ్గి సెకనుకు ఒక మీటరు కిందికి పోతే పంపు ఆగిపోతుంది. స్ప్రే స్పీడ్ మిన్ మామూలు విలువ 100, అంటే సెకనుకు 100 సెంటీమీటర్లు. వేగం పడ్డాక ఒక సెకను ఆగి పంపు ఆగుతుంది, వేగం అందుకున్న వెంటనే మళ్లీ మొదలవుతుంది. గొట్టంలో ఒత్తిడి నిండి నాజిల్ నుంచి పూర్తి జల్లు రావడానికి ఇంకాస్త పడుతుంది. ఆ లోపు డ్రోన్ మీటరో రెండు మీటర్లో ముందుకు పోయి ఉంటుంది. చారలు గట్ల వెంట మాత్రమే ఉంటే కారణం ఇదే. చిన్న చిన్న మడులున్న కోనసీమలో ఇది ఎక్కువ, ఎందుకంటే మలుపులు ఎక్కువ. మిషన్ గీసేటప్పుడు మలుపును చేను అంచు దాటించి గట్టు మీదికి జరపడం, అది కుదరకపోతే గట్టు వెంబడి చుట్టూ ఒక సాలు విడిగా కొట్టడం ఇందుకు పరిష్కారం. పక్కవాడి చెరువులో రొయ్య ఉంటే గట్టు దాటించకండి, చుట్టు సాలే కొట్టండి.

రెండో రకం తప్పు కంటికి ఆనదు. సీ9 గీత ఒక ఎత్తుకి వెళ్లి బల్లలా చదునుగా ఉండిపోయి, వేగం గీత మాత్రం ఇంకా పైకి పోతుంటుంది. పంప్ రేట్ 25 పెట్టిన డ్రోన్‌లో సెకనుకు 4 మీటర్లకే పంపు వంద శాతానికి చేరుతుంది. ఆ పైన 6 మీటర్ల వేగంలో పోతే పంపు ఇంకా ఇవ్వలేదు, ఎకరానికి పడే మందు మూడో వంతు తగ్గిపోతుంది. లెక్క ఇలా చూసుకోండి. సాలు వెడల్పు 4 మీటర్లు, వేగం సెకనుకు 5 మీటర్లు అయితే సెకనుకు 20 చదరపు మీటర్లు తడుస్తుంది. ఎకరం 4047 చదరపు మీటర్లు, అంటే సుమారు 202 సెకన్లు. ఎకరానికి 10 లీటర్లు పడాలంటే నిమిషానికి దాదాపు 3 లీటర్లు పంపు నుంచి రావాలి. మీ పంపు, మీ నాజిళ్లు కలిసి అంత ఇస్తాయా లేదా అన్నది బకెట్లో పట్టి కొలవండి. దోమకి కొట్టేటప్పుడు ఈ తేడా బాగా కనబడుతుంది. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది, పై ఆకు తడిసినంత మాత్రాన చావదు.

ఇక్కడ ఒక హద్దు ఉంది. లాగ్ చెప్పేది కంట్రోలర్ పంపుకి ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. మందు నాజిల్‌లోంచి వచ్చిందో లేదో, ఫ్లో మీటర్ లేని డ్రోన్‌లో ఏ గీతా నేరుగా చెప్పదు. అయితే దొడ్డిదారి ఒకటుంది. బ్యాట్ సందేశంలో కరెంటు గీత, సీటీయూఎన్ సందేశంలో టీహెచ్ఓ అనే థ్రాటిల్ గీత వేసి ట్యాంకు మొదటి నుంచి చివరిదాకా చూడండి. ట్యాంకు ఖాళీ అవుతున్న కొద్దీ డ్రోన్ తేలికవుతుంది, రెండు గీతలూ దిగుతూ రావాలి. 25 కిలోలతో లేచిన డ్రోన్ 15 కిలోలకు వచ్చేసరికి గాల్లో నిలబడటానికి కావాల్సిన శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. పంపు గీత నిక్షేపంగా ఉండి, కరెంటు గీత మాత్రం దిగకుండా అలాగే నిలబడితే మందు బయటికి పోవట్లేదు. ఫిల్టర్ విప్పి చూడండి. పొడి మందులు సరిగ్గా కరగకుండా పోస్తే జల్లెడ దగ్గర పేరుకునేది ఎక్కువ. కరెంటు ఒక్కసారిగా దిగి తర్వాత చదునుగా ఉంటే ట్యాంకు ముందే ఖాళీ అయి, మిగతా సాలు ఉత్తి గాలి కొట్టిందన్నమాట. మ్యాప్ మీద ఆ చోటు చూపించి అంతమేరకు మళ్లీ కొడితే సరిపోతుంది, చేను మొత్తం అక్కర్లేదు.

చారలు సాళ్ల మధ్య సన్నగా, పొడవునా ఉంటే జీపీఎస్ చూడాలి. ఆర్‌టీకే (సెంటీమీటర్ల కచ్చితత్వం ఇచ్చే జీపీఎస్) ఉన్న డ్రోన్‌లో జీపీఎస్ సందేశంలోని స్టేటస్ 6 అంటే పూర్తి ఫిక్స్, 5 అంటే ఫ్లోట్, 3 అంటే మామూలు జీపీఎస్. కొబ్బరి వరుస పక్కకి వచ్చినప్పుడల్లా 6 నుంచి 5కి, 3కి పడుతుంటే సాళ్లు పక్కకి జరుగుతాయి. హెచ్‌డాప్ (స్థానంలో పొరపాటు ఎంతుండొచ్చో చెప్పే అంకె) 2 దాటితే స్థానం నమ్మదగ్గది కాదు. సాలు వెడల్పు అర మీటరు తగ్గించి అతివ్యాప్తి పెంచడం అలాంటి చేలల్లో తేలికైన పని.

నీటి మీద ఎత్తు

నాట్లు వేసిన కొత్తలో చేను అద్దంలా నీటితో ఉంటుంది. కింద లేజర్ రేంజ్‌ఫైండర్ ఉన్న డ్రోన్లకి ఇది గడ్డుకాలం. నిలిచిన నీరు లేజర్ కాంతిని తిరిగి పంపకుండా మింగడమో, పక్కకి కొట్టడమో చేస్తుంది. ఆర్ఎఫ్ఎన్‌డీ సందేశంలో స్టాట్ గీత 4 మీద ఉంటే కొలత బాగున్నట్టు, 3 అంటే దూరం అందనట్టు, 1 అంటే అసలు సమాచారం రానట్టు. అది 4కీ 3కీ మధ్య ఊగుతుంటే, ఆ చోట్ల డిస్ట్ గీత గెంతుతుంటే, డ్రోన్ ఎగుడుదిగుడుగా పోవడానికి అదే కారణం. రాడార్ సెన్సార్ ఉన్నవాటికి నీటి మీద ఈ బాధ తక్కువ. ఎటూ డెల్టా నేల బల్లపరుపే కాబట్టి ఆ వారాల్లో నేలను అనుసరించే సెట్టింగు ఆపేసి బారోమీటర్ ఎత్తు మీద పోనివ్వడం మాకు మేలనిపిస్తుంది. గట్ల మీద కొబ్బరి మొక్కలున్న చోట మాత్రం ఎత్తు చూసుకోవాలి.

కూలిన డ్రోన్

వరుస మార్చకుండా చూడండి. మొదట కంట్రోలర్ ఇచ్చిన మాటల సందేశాలు, తర్వాత ఈఆర్ఆర్ (తప్పుల నమోదు), తర్వాత మోడ్ మార్పులు. ఈఆర్ఆర్‌లో సబ్‌సిస్టమ్ 5 అంటే రేడియో ఫెయిల్‌సేఫ్, 6 అంటే బ్యాటరీ, 16 అంటే ఈకేఎఫ్ (సెన్సార్లను కలిపి స్థానం, వాలు లెక్కగట్టేది) చెక్, 12 అంటే క్రాష్ చెక్. 12 కూలాక వచ్చేది, కారణం కాదు. చాలామంది దాన్నే పట్టుకుని ఆగిపోతారు. దానికి ముందు సెకన్లలో ఏముందో చూడాలి.

వాలును నమోదు చేసే ఏటీటీ సందేశంలో డిజ్‌రోల్, రోల్ రెండూ వేయండి. కంట్రోలర్ కోరిన వాలు, డ్రోన్ వాలిన తీరు కలిసి పోతూ ఒక క్షణంలో కత్తిరించినట్టు విడిపోతే అది యంత్రం లోపం: ప్రొపెల్లర్, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే బోర్డు), మడత చేతి తాళం, వీటిలో ఒకటి. ఏ చెయ్యో ఆర్‌సీఓయూ చెబుతుంది. హెక్సా ఎక్స్ ఫ్రేములో 1 కుడి, 2 ఎడమ, 3 ముందు ఎడమ, 4 వెనక కుడి, 5 ముందు కుడి, 6 వెనక ఎడమ. పోయిన మోటారు వైపు డ్రోన్ ఒరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి కంట్రోలర్ ఆ మోటారుకే గరిష్ఠంగా ఆజ్ఞ ఇస్తుంది, ఎదుటి మోటారుని తగ్గిస్తుంది. సీ1 ఒక్కటే పైకప్పుకి తగిలి సీ2 నేలకి దిగిందంటే కుడి చెయ్యి చూడండి. గీత పైకి పోయింది కాబట్టి ఆ మోటారు ఎక్కువ తిరిగిందనుకోవడం తప్పు. తిరగలేదు కాబట్టే అంత ఆజ్ఞ వెళ్లింది.

అన్ని మోటార్లూ కలిసి పైకప్పుకి చేరి డ్రోన్ దిగిపోతే బ్యాటరీ చూడండి. 12 సెల్లుల ప్యాక్ నిండుగా 50.4 వోల్టులు, 42 అంటే సెల్లుకి 3.5. నిండు ట్యాంకుతో లేచే క్షణంలో వోల్టేజి గోతిలో పడ్డట్టు పడి, తేలికయ్యాక కోలుకుంటుంటే ప్యాక్ లోపలి నిరోధం పెరిగింది, ముసలిదైంది. అలాంటి ప్యాక్‌తో నిండు ట్యాంకు ఎత్తకూడదు.

వైబ్ (అదురు) సందేశంలో మూడు గీతలూ 30 లోపు ఉండటం మంచిది, 60 దాటితే సమస్య ఖాయం. క్లిప్ (అదురు సెన్సార్ కొలత హద్దు దాటిన సార్లు) లెక్క ఎగురుతుండగా పెరుగుతూ పోతే మడత చేతులు వదులైనట్టు, లేదా ప్రొపెల్లర్ అంచు విరిగినట్టు. దిగేటప్పుడు ఒకటి రెండు పెరిగితే ఏమీ కాదు. దిక్సూచి సంగతి క్లుప్తంగా: ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 420 మిల్లీగాస్. థ్రాటిల్ పెరిగినప్పుడల్లా మొత్తం క్షేత్రం 30 శాతానికి మించి మారుతుంటే కరెంటు తీగలు దిక్సూచికి దగ్గరగా ఉన్నాయి, జరపాలి.

మిషన్ ప్లానర్ ఎప్పుడు

విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే ఇది ఉంచుకోవాల్సిందే. డేటా తెరలో డేటాఫ్లాష్ లాగ్స్ ట్యాబ్, అందులో రివ్యూ ఎ లాగ్. నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. ఎడమ ఇరుసు, కుడి ఇరుసు వేర్వేరుగా పెట్టుకోవచ్చు కాబట్టి 50 వోల్టుల గీత, 1900 దాకా పోయే మోటారు ఆజ్ఞ గీత ఒకే గ్రాఫ్‌లో చదవొచ్చు. ఒక్కో వరుసను పట్టికగా చూడాలన్నా ఇందులోనే బాగుంటుంది. ఆటో ఎనాలిసిస్ అనే బటన్ మాత్రం నమ్ముకోవద్దు. బాగున్నదాన్ని ఫెయిల్ అనడం, అసలు కారణాన్ని వదిలేయడం రెండూ చేస్తుంది. తెర చిందరవందరగా ఉంటుంది, కొత్తవాళ్లు బెదిరిపోతారు. నేర్చుకునే శ్రమ ఎక్కువ.

ఆర్డుపైలట్ వాళ్లవే వెబ్ టూల్స్‌లో హార్డ్‌వేర్ రిపోర్ట్ అని ఇంకోటుంది. పాత డ్రోన్ కొనేముందు దాని చివరి బిన్ ఫైలు అడిగి తీసుకుని అందులో వేయండి. బోర్డు, సెన్సార్లు, ఫర్మ్‌వేర్, పారామీటర్లు అన్నీ ఒక్క పేజీలో వస్తాయి.

పారామోటర్, గ్లైడర్ వాళ్ల ఐజీసీ ఫైళ్లు (వాళ్లు ఎగిరిన దారి రికార్డు) యూఏవీ లాగ్ వ్యూయర్‌కీ, మిషన్ ప్లానర్‌కీ పనికిరావు. వాటికి ఎక్స్‌సీసోర్, సీయూ లాంటివి వేరే ఉన్నాయి. ఐజీసీ మామూలు టెక్స్ట్ ఫైలు, బీతో మొదలయ్యే ప్రతి వరుసా ఒక స్థానం. అందులో ఎత్తులు రెండుంటాయి: గాలి ఒత్తిడి బట్టి ఒకటి, జీపీఎస్ బట్టి ఒకటి. కాకినాడ ఇసుక మీద నిలబడి ఉండగానే జీపీఎస్ ఎత్తు మైనస్ డెబ్బై, ఎనభై మీటర్లు చూపిస్తే రికార్డర్ పాడైందనుకోవద్దు. ఆ పరికరం ఎత్తును డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కగా వేసుకున్న ఊహాగీత) నుంచి కొలుస్తోంది. మన తీరంలో సముద్రమట్టం ఆ గీతకు అంత కిందే ఉంటుంది. ఆర్డుపైలట్ బిన్‌లో జీపీఎస్ ఎత్తు సముద్రమట్టం నుంచే కాబట్టి ఈ గందరగోళం రాదు. సమయం మాత్రం ఐజీసీలో యూటీసీ. మన గడియారానికి ఐదున్నర గంటలు కలపాలి.

సర్వీస్ సెంటర్‌కి పంపేటప్పుడు స్క్రీన్‌షాట్లు పంపి ప్రయోజనం లేదు. కూలిన ఎగురుడు బిన్ ఫైలు, దానికి ముందు బాగా ఎగిరినప్పటి బిన్ ఫైలు, రెండూ పంపండి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టండి. ఫైల్లో లేచిన చోటు, తిరిగిన చేలు అన్నీ అక్షాంశ రేఖాంశాలతో ఉంటాయి కాబట్టి ఊరి గ్రూపుల్లో పెట్టకుండా ఆ టెక్నీషియన్‌కి మాత్రమే పంపండి. అసలు ఫైలును కార్డు మీద నుంచి చెరపకుండా, ల్యాప్‌టాప్‌లో ఒక నకలు తీసి ఉంచుకోండి.